పాత ఖాతాలోనే

నా నోరు మంచిది కాదని చిన్నప్పటినుంచీ అందరూ అనే మాటే. ఫోన్ చెవిన పెట్టుకుంటే మాత్రం నా గొంతులో తేనె కారుతుంది. ఆ తేనె అమ్ముకునే బతుకుతున్నాను. పళ్ళేలూ కప్పులూ ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణంలో నా పని ఒక్కటే: కొనడం మానేసినవాళ్ళెవరో కనిపెట్టి, వాళ్ళచేత మళ్ళీ కొనిపించడం. అలాంటివాళ్ళని మా ఆఫీసులో ‘జారిపోయినవాళ్ళు’ అంటారు. నన్ను ‘జారుబండ మేడమ్’ అంటారు. నా వెనకాలే అంటారు లెండి, నా ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది?

మా దుకాణంలో బాగా నడిచే సరుకు విడి పళ్ళెం. ఆరు పళ్ళేల సెట్టులో ఒకటి పగిలితే సెట్టంతా మళ్ళీ కొనక్కర్లేదు. అదే అంచు, అదే కొలత చూసి ఒక్కటి పంపిస్తాం. కింద గోదాములో పిన్ని పార్సెళ్ళు కడుతుంది. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, అందరికీ పిన్నే. పైన ఆఫీసులో మా మేనేజరు. ప్రతి మాటకీ ఒక శాతం తగిలించే అలవాటు కాబట్టి ఆయన శాతం సార్. “ఇవాళ తొంభై శాతం తలనొప్పిగా ఉందమ్మా” అంటాడు. మిగతా పది శాతం ఎక్కడ పోయిందో అడగాలనిపిస్తుంది గానీ ఊరుకుంటాను.

ఆరు నెలలు కొనకపోతే జారిపోయినట్టే అని మొదట్లో శాతం సార్ ఒక గీత గీసి కూర్చున్నాడు. నేను చేరిన వారానికే పోట్లాటకి దిగాను. “ఇదేం లెక్క సార్? ఏడాదికోసారి కొనే మనిషిని ఆరు నెలలకే పీకుతామా? నెలకోసారి కొనే మనిషి ఐదు నెలలు కనపడకపోయినా ఊరుకుంటామా?” అన్నాను. ఒక్కొక్కరిదీ ఒక్కో నడక. ఒక మనిషి ఆర్డరుకీ ఆర్డరుకీ మధ్య మామూలుగా ఎన్ని రోజులు తీసుకుంటుందో చూసి, దానికి మూడింతలు దాటగానే ఆ పేరు ఎర్రబడేలా చేయించాను. దాంతో ఆఫీసులో నా మాటకి విలువ పెరిగింది, నాకు కొంచెం పొగరూ పెరిగింది.

ఒక నియమం మాత్రం నేను మార్చలేకపోయాను. పాత ఖాతాలో కొత్త ఆర్డరు పడితేనే ఆ మనిషి తిరిగొచ్చినట్టు. కొత్త ఖాతా తెరిస్తే కొత్త కస్టమరు కింద లెక్క. ఆ ఘనత పక్క గదిలో కూర్చునే కొత్తవాళ్ళ విభాగానికి పోతుంది. నాది మూడు నెలల కాంట్రాక్టు. ఈలోగా నలభై మందిని వెనక్కి రప్పిస్తే పర్మనెంటు చేస్తామన్నారు, లేదంటే ఇంటికే. ఇంట్లో అమ్మా నేనూ. అమ్మ మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి, సంపాదించే చెయ్యి నాదొక్కటే. గడువు ఇంకా రెండు రోజులుందనగా నా లెక్క ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది.

జాబితాలో మిగిలిన ఎర్రపేర్లన్నీ తిట్టి ఫోన్ పెట్టేసినవాళ్ళవే. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ వెన్నచేతులావిడది.

ఆ పేరు పెట్టింది పిన్ని. రెండేళ్ళలో పందొమ్మిది ఆర్డర్లు, ప్రతిసారీ ఒక్కటే పళ్ళెం, నీలం అంచుది. “ఈవిడ చేతులకి వెన్న రాసుకుని గిన్నెలు కడుగుతుందేమోనే” అనేది పిన్ని. ఆ పాత ఆర్డర్లు చూసినప్పుడల్లా మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ప్రతి ఆర్డరు కిందా ఒకటే గమనిక ఉండేది: ‘గంట కొట్టొద్దు. తలుపు మీద వేళ్ళతో తట్టండి. ఆయన నిద్రలో ఉంటారు.’ అలా కొంటూ కొంటూ ఏడు నెలల కిందట ఒక్కసారిగా ఆగిపోయింది.

అంతకు రెండు వారాల ముందే ఆ ఖాతాలోని నంబరుకి చేశాను. మగగొంతు పలికింది. మెత్తని గొంతు. మా దుకాణం పేరు చెప్పగానే నవ్వాడు.

“ఇంట్లో లేదండీ. అలిగి వెళ్ళింది. పాపని కూడా తీసుకెళ్ళింది. మీకే అంత బెంగగా ఉంటే నాకెంత ఉండాలి చెప్పండి!”

“అయ్యో, వచ్చేస్తారులెండి సార్,” అన్నాను.

“మీ నోటి చలవ. మీకు దొరికితే నాకూ ఒక్క మాట చెప్పండి మేడమ్. పుణ్యముంటుంది.”

ఫోన్ పెట్టేసి, “పాపం, బంగారంలాంటి మనిషి. ఆవిడకేం పొయ్యేకాలం వచ్చిందో” అన్నాను పక్క సీటులోని అమ్మాయితో. అవును, ఆ మాట అన్నది నేనే.

గడువు ముంచుకొచ్చేసరికి వెన్నచేతులావిడ పాత కాగితాలన్నీ తిరగేశాను. ఏడాదిన్నర కిందట ఒకసారి పళ్ళెం బీటతో వచ్చిందని ఫిర్యాదు చేసింది. ఆ ఫోన్ వేరే నంబరునుంచి వచ్చింది. ఎక్కడో ఫిర్యాదుల దొంతరలో పడి ఉన్న ఆ నంబరు కళ్ళబడగానే లాటరీ తగిలినంత సంబరపడ్డాను. వెంటనే చేశాను. చాలాసేపు మోగి, ఎత్తారు. అవతల చప్పుడు లేదు.

“అమ్మా, మీరు లేని లోటు మాకు తెలుస్తోంది. తిరిగి వచ్చేయండి,” అన్నాను. అది మా అందరికీ రాసిచ్చిన మాట. రోజుకి వందసార్లు అంటాను.

అవతల ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించింది. “ఎవరు? ఎవరు చెప్పమన్నారు?”

దుకాణం పేరు చెప్పాను. కాసేపటికి ఆవిడ గొంతు కుదుటపడింది. “ఆ మాటలతో మొదలుపెట్టకండక్కా. ఒకటే భయం వేసింది,” అంది. కొనమంటే పళ్ళేలు అక్కర్లేదంది. నేను వదిలితే కదా! ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నాను, పంపే ఖర్చు మాదేనన్నాను, ఇంట్లో ఎంతమందని అడిగాను.

“నేనూ పాపా. గది చాలా చిన్నదక్కా. పాప డబ్బా మూతలో తింటోంది. నేను గిన్నెలోనే తినేస్తాను.”

“అయితే రెండు పంపిస్తాను. నీలం అంచువేనా?”

“వద్దు వద్దు!” ఆ ‘వద్దు’ అరుపులా వచ్చింది. తర్వాత తనే నెమ్మదించి, “తెల్లవి. అంచు లేనివి. రెండు చాలు,” అంది. రెండు పళ్ళేల మాట చెబుతున్నప్పుడు ఆ గొంతులో ఎంత సంతోషమో! చిరునామా చెప్పింది. అక్షరం అక్షరం రాసుకున్నాను. చివర్న అంది: “పాత ఖాతాలో వెయ్యకండక్కా. కొత్తది తెరవండి.”

“ఎందుకమ్మా? పాతదైతే ఉచితం వర్తిస్తుంది.”

“ఆ నంబరు ఆయనది.”

ఇంకేమీ చెప్పలేదు. నేనూ ఇంకేమీ అడగలేదు. నాకు అర్థం కాలేదని ఇప్పుడు బుకాయించను. సగం అర్థమైంది. మిగతా సగం కూడా అర్థం చేసుకుంటే నా ముప్పై తొమ్మిది ముప్పై తొమ్మిదిగానే ఉండిపోతుంది. “అలాగేనమ్మా, కొత్తది తెరుస్తాను,” అని తేనె గొంతుతో చెప్పి ఫోన్ పెట్టేశాను.

పాత ఖాతాలోనే వేశాను.

నంబరు మారుద్దామని చూశాను. మార్చాలంటే పాత నంబరుకి ఒక ఓటీపీ వెళ్తుందంది కంప్యూటరు. సరే, ‘సందేశాలు వద్దు’ అని ఒక గడి ఉంది, దాన్ని నొక్కాను. ఇంకేం, ఆయనకి ఏ కబురూ పోదనుకున్నాను. ఎంత జాగ్రత్తగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. తెరమీద నా పేరు పక్కన నలభై అని పడింది. శాతం సార్ లేచి నిలబడి, “నూటికి నూరు శాతం!” అని చప్పట్లు కొట్టాడు. కేకు తెప్పించారు. పిన్ని కూడా పైకొచ్చి ఒక ముక్క తిని, “మన వెన్నచేతులావిడేనా? బతికే ఉందన్నమాట,” అంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని అమ్మకి నా ప్రతాపమంతా చెప్పాను. పందొమ్మిది పళ్ళేల కథ చెప్పి నవ్వించబోయాను. అమ్మ నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని ఆగింది.

“ఆవిడ కప్పులు ఎన్ని కొంది?”

“కప్పులా? ఒక్కటీ లేదు.”

“గ్లాసులు? గిన్నెలు?”

“లేవే. పళ్ళేలే.”

“చెయ్యి జారే మనిషైతే కప్పులూ పగలాలిగా? పళ్ళెమొక్కటే పగిలిందంటే అన్నం దగ్గరే ఏదో జరుగుతోంది. అది జారింది కాదే, విసిరింది,” అంది అమ్మ. “నీ కంప్యూటరు ఆమాత్రం చెప్పలేదూ?”

మనుషుల నడక కనిపెడతానని విర్రవీగేదాన్ని. రెండేళ్ళ లెక్క కళ్ళెదుటే ఉంటే చూసి నవ్వుకున్నాను. చెయ్యి కడుక్కుని ఆవిడ నంబరుకి చేశాను. మోగలేదు. మళ్ళీ చేశాను. పాప నిద్రపోయి ఉంటుంది, ఫోన్ కట్టేసుకుని ఉంటుంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మర్నాడు తెల్లారగానే, తలైనా దువ్వుకోకుండా ఆఫీసుకి పరుగెత్తాను.

కంప్యూటర్లు చూసే కుర్రవాణ్ణి నిద్ర లేపి మరీ అడిగాను. “ఆ గడి నొక్కితే ఆఫర్ల సందేశాలు ఆగుతాయి మేడమ్. పార్సెలు కబుర్లు ఎలా ఆగుతాయి? అవి ఎవరికైనా వెళ్ళాల్సిందేగా,” అన్నాడు ఆవులిస్తూ. అసలు ఏం వెళ్ళిందో చూపించమన్నాను. చూపించాడు. ‘మీ రెండు తెల్ల పళ్ళేలు బయలుదేరాయి’ అని ఉంది. కింద పూర్తి చిరునామా, వీధి, మేడ, గది అంతస్తుతో సహా. నేను అక్షరం అక్షరం రాసుకున్నదే. వెళ్ళింది నిన్న సాయంత్రం.

పార్సెలు ఆపుదామని కిందికి దూకినట్టు దిగాను. పిన్ని లిస్టు చూసి, “నిన్న సాయంత్రం బండిలోనే పోయిందే,” అంది. బండి నడిపేవాడికి చేశాను.

“ఇచ్చేశాను మేడమ్. ఆయన మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. ‘మా ఆవిడకే, నేను తీసుకెళ్తా’ అన్నాడు. మంచి మనిషి, మంచినీళ్ళు తాగుతావా అని కూడా అడిగాడు.”

పార్సెలు అందినట్టు వచ్చే కాగితంలో ‘తీసుకున్నవారు’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘భర్త’ అని రాసి ఉంది.

బండి మాట్లాడుకుని ఆ చిరునామాకి వెళ్ళాను. ఇరుకు మేడ, మూడో అంతస్తు, గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఇంటి యజమానురాలు చీపురుతో ఊడుస్తోంది. ఒక చాప, ఒక స్టవ్వు, గోడకి పాప గీసిన బొమ్మలు నాలుగు. అంతే సామాను.

“వెళ్ళిపోయారమ్మా. వాళ్ళాయనొచ్చి తీసుకెళ్ళాడు. ఎంత మర్యాదస్తుడో! మిగిలిన అద్దె గురించి అడగకముందే మాట్లాడాడు. పాప బడి సంచి తనే భుజాన వేసుకున్నాడు, పళ్ళేల పెట్టె కూడా తనే మోశాడు.”

“ఆవిడేమైనా అందా?”

“ఏమంటుంది? ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి మెట్లు దిగుతుంటే నేనే పిలిచి ఇచ్చాను,” అంది. చీపురు గోడకి ఆనించి, “మొగుడూ పెళ్ళాల మధ్య మనమెవరమమ్మా,” అంది.

పోలీస్ స్టేషనుకి వెళ్ళాను. నేను ఆవిడకి ఏమవుతానని అడిగారు. ఏమవుతాను? పళ్ళేలు అమ్మినదాన్ని. ఆవిడ వచ్చి రాసిస్తే చూస్తామన్నారు. ఆఫీసుకొచ్చి శాతం సార్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మనం పార్సెలు కబురు పంపాం, అంతే. ఇందులో మన తప్పు సున్నా శాతం,” అన్నాడు. నాకు వచ్చిన కోపానికి ఆ కళ్ళజోడు విరిచేద్దును. విరవలేదు. మా అమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఆ మధ్యాహ్నం పర్మనెంటు కాగితం చేతికిచ్చారు, మడిచి సంచిలో పెట్టుకున్నాను. అంత సిగ్గు లేనిదాన్ని నేను.

పది రోజుల తర్వాత సోమవారం మీటింగులో శాతం సార్ ఒక రివ్యూ పైకి చదివాడు. ఐదు నక్షత్రాలది. “‘మా ఆవిడ ఇంటికొచ్చేసింది. మీరు ఫోన్ చేయకపోతే నాకు దొరికేదే కాదు. ఆ మేడమ్ గారికి ప్రత్యేక ధన్యవాదాలు. ఈ దుకాణం మనుషుల్ని కలుపుతుంది.’” ఆయనకి అసలు సంగతి తెలుసు. తెలిసి కూడా చదివాడు. మిగతావాళ్ళకి తెలియదు, అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. పక్క సీటు అమ్మాయి భుజం తట్టింది కూడా. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మర్నాడు పొద్దున తెరమీద ఒక పేరు ఎరుపునుంచి పచ్చరంగులోకి మారి ఉంది. ఆర్డరు ఒకటి. నీలం అంచు పళ్ళెం, ఒక్కటే. చిరునామా పాతదే. కింద గమనిక ఉండాల్సిన చోట గంట మాట లేదు. ‘పాత ఖాతాలోనే వేశారు కదక్కా’ అని మాత్రం ఉంది.

ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో తెలియదు. ఆ గడిలో రాసింది ఆయన ఫోనుకి వెళ్ళదు, మాకే కనిపిస్తుంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. నాకోసమే రాసింది. లేచి కిందికెళ్ళాను. పిన్ని అప్పటికే పళ్ళెం చుట్టి అట్టపెట్టెలో పెడుతోంది. ఈసారి వెన్న మాట ఎత్తలేదు. నేనే చెప్పాను పిన్నికి అంతా.

“ఇది నేనే ఇచ్చొస్తాను పిన్నీ.”

“వెళ్ళి ఏం చేస్తావే?”

“తీసుకొచ్చేస్తాను. మా ఇంట్లో అమ్మా నేనేగా.”

పిన్ని పెట్టెకి టేపు వేసి నా చేతికిచ్చింది.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. కింద బండిని ఆగమని చెప్పి మెట్లెక్కాను. శుభ్రమైన గుమ్మం, పక్కన తళతళలాడే గంట మీట. దాని జోలికి పోలేదు. రెండు వేళ్ళతో తలుపు మీద తట్టాను. జానెడు తెరుచుకుంది.

నేను ఇంకా పెద్దావిడనుకున్నాను. ముప్పై కూడా ఉండవు. పొడుగు చేతుల జాకెట్టు, ముంజేతుల దాకా బొత్తాలు పెట్టి ఉంది. నా మొహం చూడలేదు, పెట్టెనే చూసింది. లోపలినుంచి గురక వినిపిస్తోంది.

“నేనేనమ్మా, ఫోన్‌లో మాట్లాడింది,” అన్నాను గుసగుసగా. “తప్పంతా నాదే. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. పాపని తీసుకుని ఇలాగే వచ్చెయ్. కింద బండి ఉంది.”

ఆవిడ పెట్టె అక్కడే విప్పింది. టేపు చప్పుడు రాకుండా గోటితో కొద్దికొద్దిగా ఊడదీసింది. పళ్ళెం పైకి తీసి అంచు పొడుగునా వేలు తిప్పి చూసుకుంది.

“దెబ్బేం తగల్లేదు,” అంది పళ్ళెం గురించి.

“వచ్చెయ్యమ్మా. మా ఇంటికి.”

అప్పుడు నా మొహంలోకి చూసింది. కోపముంటుందని వెళ్ళాను, తిట్టినా బాగుండేది. “ఎవరికీ తెలియని చోటు నాకొక్కటే ఉండేదక్కా,” అంది. “అది వెతుక్కోడానికి నాలుగేళ్ళు పట్టింది.”

“మా ఇల్లు—”

“మీ నంబరు ఆయన దగ్గరుంది. మీ పేరు చెప్పి రోజూ మెచ్చుకుంటాడు.”

లోపల గురక ఆగింది. ఆవిడ చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. నిద్రగొంతు, అదే మెత్తని గొంతు, “ఎవరది?” అంది.

“పళ్ళెం వచ్చిందండీ,” అంది ఆవిడ.

“పళ్ళేలు ఆరూ అయ్యాయా?”

“అయ్యాయండీ,” అంటూ నా మొహం మీదే తలుపు మూసింది, చప్పుడు కాకుండా.